దొడ్డు తీగల ముచ్చట్లు

1980ల చివర, 90ల మొదట్లో మహబూబ్‌నగర్‌లో బేస్ అంటే తెలియని కుర్రాడు లేడు. ఆటోల్లో సీటు వెనక పెద్ద స్పీకర్లు, టీ కొట్లో డెక్కు, సెలూన్లో టూ-ఇన్-వన్. "బేస్ పెంచు అన్నా" అంటే నాబు కుడివైపు తిప్పడమని అందరికీ అర్థం. అయితే ఆ బేస్‌ను ఒక మనిషి బేస్ గిటారు నాలుగు దొడ్డు తీగల మీద వేళ్లు అరిగేలా వాయిస్తాడని, వాయించే మనిషి మారితే పాట నడకే మారిపోతుందని ఆలోచించినవాళ్లు తక్కువ.

డెక్కు కొనలేని ఇళ్లలో కుండ ఉండేది. టేప్‌రికార్డర్ నుంచి వైరు లాగి, విడిగా కొన్న స్పీకరును కొత్త కుండ మూతి మీద బోర్లించేవాళ్లం. కుండలోని గాలి కూడా కదిలి సౌండు గుండ్రంగా, బరువుగా వచ్చేది. బేస్ గిటారులో అన్నిటికన్నా దొడ్డు తీగను ఊరికే మీటితే సెకనుకు దాదాపు 41 కంపనాలు. చిన్న టేప్‌రికార్డర్ స్పీకరుకు అంత కిందికి దిగే శక్తి లేదు. అయినా మనకు ఆ స్వరం తెలిసేది. ఎందుకంటే తీగ 41తో పాటు 82, 123 కంపనాల దగ్గర కూడా పలుకుతుంది. ఆ పై పలుకులు విని, అడుగున ఉండాల్సిన స్వరాన్ని మన చెవే పూరించుకుంటుంది. ఈ సంగతి నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. అప్పట్లో మాకు తెలిసింది ఒక్కటే, కుండ పెడితే పాట ఛాతీకి తగులుతుంది.

మా గల్లీలో ఒక అన్న ఉండేవాడు. ఆదివారం పొద్దున చర్చిలో, మిగతా రోజుల్లో ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు. పాలమూరులో మెన్నోనైట్ బ్రెదరెన్ సంఘం పాతుకుని చాలా కాలమైంది. గిటారో, కీబోర్డో పట్టుకున్న పిల్లలు మాకు ఎక్కువగా ఆ సంఘం ఇళ్లలోనే కనిపించేవాళ్లు. గణేశ్ నవరాత్రులొస్తే అన్నకు తీరిక ఉండేది కాదు. ఇవాళ మెట్టుగడ్డ, రేపు జడ్చర్ల, ఎల్లుండి వనపర్తి. పెళ్లిళ్ల సీజన్లో నారాయణపేట, గద్వాల దాకా పోయేవాళ్లు. వైర్లు చుట్టడానికి, ఆంప్లిఫయర్ ఒక పక్క పట్టడానికి నేను వెంట పోయేవాణ్ని. మా అమ్మ "చదువు సంకనాకిపోతది" అని తిట్టేది. అన్న వచ్చి "నేను సూస్కుంట పెద్దమ్మా, పొద్దుగల్ల వరకు ఇంట్ల దింపుత" అంటే ఇక కాదనేది కాదు.

ఆయన బేస్ సికింద్రాబాద్‌లో కొన్న సెకండ్ హ్యాండుది. తల మీద కంపెనీ పేరు చెరిగిపోయింది, ముంజెయ్యి ఆనే చోట రంగు పోయి కట్టె కనిపించేది. కొత్త తీగల సెట్టు కొనాలంటే ఒక ప్రోగ్రాం బయానా సరిపోయేది కాదు. అందుకని తీగలను ఉడకబెట్టేవాళ్లు. నాలుగు తీగలూ ఊడదీసి, చుట్టచుట్టి, పాత గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టేవాడు. బేస్ తీగ అంటే ఒక ఉక్కు తంతి చుట్టూ బిగించి చుట్టిన ఇంకో తంతి. ఆ చుట్ల సందుల్లో చెమట, చేతి మురికి పేరుకుపోతే తీగ మొద్దుబారుతుంది. నీళ్లు మరిగేకొద్దీ పైన బూడిదరంగు తెట్టు కట్టేది. తీసి, గుడ్డతో తుడిచి, దండెం మీద ఆరేసి మళ్లీ ఎక్కిస్తే కొన్నాళ్లు కొత్తవాటి మెరుపు వచ్చేది. అలా ఉడకబెట్టడం ప్రపంచమంతటా డబ్బు కటకట ఉన్న బేస్ వాయిద్యకారులు చేసేదేనట. నేనది మా పాలమూరు ఉపాయమనుకున్నాను.

ఆయనకు ఇంకో అలవాటుండేది. ఫంక్షన్ హాళ్లలో గోడలన్నీ సిమెంటు. బేస్ మోగితే ఆ మోత ఆగేది కాదు, పాటంతా గుయ్యిమనేది. పరుపులోంచి ఒక స్పాంజి ముక్క కోసి, గిటారు కింది కొసన తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర, తీగల కింద దూర్చేవాడు. దాంతో స్వరం 'దుమ్' అని పడి అక్కడే ఆగేది. నేను ఎందుకని అడిగితే చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "తమ్మీ, కొట్టుడు అందరికొస్తది. యాడ ఆపుతవో అది సూడు."

బేస్ గురించి నాకున్న అభిప్రాయాలన్నీ ఆ మాటలోంచే పుట్టాయి. తర్వాత్తర్వాత నేను ఎంతమందిని విన్నా, స్వరాన్ని ఎక్కడ పట్టుకున్నాడని కాక ఎక్కడ వదిలాడని వింటూ వచ్చాను. కుడిచేతి వేలు తీగను మీటుతుంది. ఎడమచేతి వేలు కొంచెం లేస్తే చాలు, స్వరం చస్తుంది. ఆ లేవడం ఎంత ముందు, ఎంత వెనక అన్నదాన్ని బట్టి ఒకడి వాయింపు ఇంకొకడికి రాదు.

అన్నకు దేవుడు ఇళయరాజా. 1989లో గీతాంజలి, శివ రెండూ వచ్చాయి. ఆ క్యాసెట్లు రీలు సాగిపోయేదాకా విన్నాం. మామూలుగా సినిమా పాటల్లో బేస్ పని డ్రమ్ముతో కలిసి శ్రుతి స్వరం దగ్గర కాపలా కాయడమే. ఇళయరాజా దగ్గర అట్లా కాదు. ఆయన సంగీత దర్శకుడు కాకముందు గిటారు వాయించినవాడు, ప్రతి వాయిద్యానికీ విడివిడిగా స్వరాలు రాసిచ్చే మనిషి. బాలు గారు పల్లవి చివర ఒక అక్షరాన్ని సాగదీసి పట్టుకుంటే, ఆ ఖాళీలో కింద బేస్ మెట్లు దిగుతూ ఇంకో పాట పాడుకుంటుంది. అన్న క్యాసెట్ ఆపి, వెనక్కి తిప్పి, "ఇప్పుడు మీద పాట ఇడిసిపెట్టు, కింది పాట ఇను" అనేవాడు. ఒకసారి కింది పాట వినడం అలవాటైతే ఇక మానలేం. మా చెల్లెలి పెళ్లిలో మంగళవాయిద్యాల మధ్య ఎక్కడో మైకులో ఇళయరాజా పాట వస్తుంటే, పెద్దలు పిలుస్తున్నా వినకుండా నేను ఆ కింది పాట వెంటే ఉన్నాను.

క్యాసెట్ అట్ట మీద పాటల రచయిత, గాయకులు, సంగీత దర్శకుడు ఉండేవాళ్లు. కింది పాట పాడిన మనిషి పేరు ఎక్కడా ఉండేది కాదు. ఆ పేరు శశిధరన్ అని నాకు ఇంటర్నెట్ వచ్చిన తర్వాతే తెలిసింది. ఇళయరాజా దగ్గర ఏళ్ల తరబడి బేస్ వాయించినాయన. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతకుండా వేలు తీగ మీదే జరుపుకుంటూ వెళ్లడం, మొదటిది పూర్తిగా ఆగకముందే రెండోది అందుకోవడం నాకు ఆయన వాయింపులో కనిపించే ముద్ర. స్వరాల మధ్య అతుకు తెలియదు. రాసింది ఇళయరాజాయే కావచ్చు, కానీ కాగితం మీద ఆ జారుడు ఉండదు. అది వేలిలో ఉంటుంది. తెలుగువాళ్ల ఇళ్లలో ఇంతగా మోగిన చెయ్యికి ఇంత తక్కువ పేరు రావడం నాకు ఇప్పటికీ బాధే.

పేర్లు రాయకపోవడమన్నది మద్రాసు అలవాటే కాదని నాకు అమెరికన్ బేస్ వాయిద్యకారుడు జేమ్స్ జేమర్సన్ గురించి చదివినప్పుడు తెలిసింది. హైదరాబాద్‌లో ఉద్యోగానికి వచ్చాక, ఒక మిత్రుడు సీడీలో ఎక్కించిచ్చిన పాత అమెరికన్ పాటల్లో ఆయన్ని మొదటిసారి విన్నాను. విన్న వెంటనే మా అన్న స్పాంజి గుర్తొచ్చింది. ఆ 'దుమ్' అనే పలుకు, ఆ ఆగడం, అచ్చం అదే. తర్వాత చదివితే నిజంగానే ఆయన బేస్‌లో బ్రిడ్జి మూత కింద స్పాంజి ఉండేదట. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్ అది. తీగలు నునుపైన రకం, చుట్ల సందులు చేతికి తగలవు. తెగిపోతే తప్ప మార్చేవాడు కాదు. మా అన్న మురికి పోవాలని తీగలు ఉడకబెట్టాడు, జేమర్సనేమో ఆ మురికిలోనే తన పలుకు ఉందని నమ్మాడు. ఇద్దరికీ కావలసింది మాత్రం స్వరం సమయానికి చావడమే.

జేమర్సన్ దక్షిణ కరోలినాలో పుట్టాడు. అప్పుడు అక్కడి నల్లవాళ్ల కుటుంబాలు పని కోసం ఉత్తరాదికి, కార్ల ఫ్యాక్టరీలున్న డెట్రాయిట్‌కు వలస పోయేవి. వాళ్లమ్మ కూడా 1950ల్లో అట్లా వెళ్లి కొడుకును తీసుకుపోయింది. పాలమూరు నుంచి బొంబాయికి, ప్రాజెక్టు పనులకు మూటాముల్లె కట్టుకుని పోయిన ఇళ్ల మధ్య పెరిగినవాణ్ని కాబట్టి ఈ భాగం నేను ఆగి ఆగి చదివాను. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ ఉండేది. దాని స్టూడియోలో 1960ల్లో వచ్చిన హిట్లలో చాలావాటికి బేస్ ఆయనదే. మొదట నిలువెత్తు డబుల్ బేస్ నేర్చినవాడు కాబట్టి ఎలక్ట్రిక్ బేస్‌ను కూడా కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ వేలికి 'కొక్కెం' అని అర్థం వచ్చే ముద్దుపేరు కూడా ఉంది. ఒక్క వేలితో అంత చకచకా ఎలా అంటే, మధ్యమధ్యలో ఊరికే వదిలిన తీగను మీటి, ఆ లిప్తలో ఎడమచెయ్యిని కొత్త చోటికి చేర్చేవాడు. దాంతో శ్రుతిలో లేని స్వరాలు కూడా మెరుపులా తగిలి పోతాయి. తప్పనిపించేలోపే అందంగా ఒడ్డుకు చేరతాయి.

ఆ కంపెనీ రికార్డుల మీద వాయిద్యకారుల పేర్లు చాలా కాలం అచ్చు కాలేదు. 1971లో గాయకుడు మార్విన్ గే తన వాట్స్ గోయింగ్ ఆన్ ఆల్బమ్ మీద వేయించాడు. అందులో అదే పేరున్న పాట రికార్డింగప్పుడు జేమర్సన్ తాగిన మైకంలో కూర్చోలేక నేల మీద పడుకునే వాయించాడని చెప్పుకుంటారు. పడుకుని వాయించినా, నిలబడి వాయించినా ఆ బేస్ వింటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. 1983లో మోటౌన్ 25 ఏళ్ల వేడుక ఘనంగా జరిగితే ఆయన్ని వేదిక మీదికి ఎవరూ పిలవలేదు. టికెట్ కొనుక్కుని వెనక వరసల్లో కూర్చుని చూశాడంటారు. ఆ ఏడాది ఆగస్టులోనే పోయాడు, ఏభై కూడా నిండలేదు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు. పదిహేడేళ్లు ఆలస్యం.

అదే వేడుకలో మైకేల్ జాక్సన్ బిల్లీ జీన్ పాటకు మూన్‌వాక్ చేసి లోకాన్ని ఊపేశాడు. ఆ ఊపు మా ఊరికి రావడానికి కొన్నేళ్లు పట్టింది గానీ, వచ్చాక ఆ పాటకు డాన్స్ లేని కాలేజీ యానివర్సరీ చూడలేదు. దాంట్లో బేస్ లూయిస్ జాన్సన్‌ది. బొటనవేలితో తీగను దబదబా కొట్టడంలో పేరు మోసిన మనిషి ఆయన. ఈ పాటలో మాత్రం ఆ గొడవేదీ లేదు. ఎనిమిది స్వరాల వరస, మళ్లీ అదే, మళ్లీ అదే. ఒక్కటి కూడా పొడవు పెరగదు, తగ్గదు. ఒక యానివర్సరీలో మా అన్న దాన్ని వాయించి దిగాక చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. "గంత అల్కగ కనిపిస్తది గని, గట్ల ఒక్క తీరుగ కొట్టుడే కష్టం" అన్నాడు.

ఆ బొటనవేలి దెబ్బకు ఆద్యుడు లారీ గ్రాహమ్. ఆ కథ నాకు చాలా ఇష్టం. ఆయన వాళ్లమ్మతో కలిసి క్లబ్బుల్లో ప్రోగ్రాములు చేసేవాడు. అడుగు స్వరాలకు కాలితో వాయించే ఆర్గన్ చెడిపోతే తాత్కాలికమని ఒక బేస్ అద్దెకు తెచ్చాడు. తర్వాత డ్రమ్మరు కూడా లేకుండా పోయాడు. పెద్ద డ్రమ్ము దెబ్బ కోసం బొటనవేలితో తీగను కొట్టడం, చిన్న డ్రమ్ము దెబ్బ కోసం ఇంకో వేలితో తీగను లాగి వదలడం మొదలుపెట్టాడు. మనుషులు తక్కువైనప్పుడు ఉన్నవాడే రెండు పనులు మీద వేసుకోవడం మా ఆర్కెస్ట్రా జీపుల్లో రోజూ చూసిందే. డోలక్ ఆయన రాకపోతే ప్యాడ్స్ ఆయన రెండూ వాయించేవాడు. లారీ గ్రాహమ్ చేసిన దాంట్లోంచి మాత్రం ఒక కొత్త వాయింపే పుట్టుకొచ్చింది.

జమైకా గాయకుడు బాబ్ మార్లీ దగ్గర బేస్ వాయించిన ఆస్టన్ బారెట్‌ను ఒక్క కారణానికి ప్రేమిస్తాను. మొదటి దెబ్బ వదిలేస్తాడు. రెగ్గే అనే ఆ జమైకా సంగీతంలో డ్రమ్ము అసలు దెబ్బ మూడో మాత్ర మీద పడుతుంది, మొదటిది ఖాళీగా పోతుంది. అందరూ కాలు మోపే చోట ఆయన మోపడు. పదును స్వరాలన్నీ తగ్గించేసి, అడుగు మోతను మాత్రమే ఉంచి, నిదానంగా వచ్చి చేరతాడు. ఆయన 2024 ఫిబ్రవరిలో పోయిన రోజు నేను ఆఫీసులో పని చేయలేకపోయాను.

మా అన్న సూత్రం దీనికి సరిగ్గా ఎదురు. ఆయన నేర్చుకున్నది డప్పు నుంచి. ఏ ఊరికి పోయినా, బారాత్ దగ్గర డప్పు మోగుతుంటే నన్ను పక్కకు లాగి కాళ్లు చూడమనేవాడు. "సప్పుడు ఇనకు, కాళ్లు సూడు. కాలు యాడ పడ్తదో ఆడ నీ వేలు పడాలె. ముందు గాదు, ఎన్క గాదు." స్టేజీ మీద కూడా ఆయన తీగల వైపు చూసేవాడు కాదు. ముందు ఎగురుతున్న పిల్లల పాదాల వైపు చూస్తూ వాయించేవాడు. వాళ్లు అలిసిపోతే స్వరాలు పొట్టివి చేసి కొంచెం గాలి వదిలేవాడు, ఊపు వస్తే పొడవు పెంచేవాడు. పాట వేగం మారేది కాదు, బరువు మారేది.

బీటిల్స్ బృందంలో బేస్ వాయించిన పాల్ మెకార్ట్నీ గురించి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. 1961లో హాంబర్గ్‌లో కొన్న వయొలిన్ ఆకారపు హాఫ్నర్ బేస్, ఎడమచేతి వాటం. రెండు వైపులా ఒకేలా ఉండే ఆకారం కాబట్టి తిప్పి పట్టుకున్నా వింతగా కనిపించదు. ఆయన బేస్ పాటకు పక్కన నడిచే రెండో గొంతు. అదే బృందంలోని జార్జ్ హారిసన్ రాసిన సమ్‌థింగ్ పాటలో కింది నుంచి పాకుతూ పైకొచ్చే ఆ వరసను అన్నకు వినిపిస్తే, "ఈయన మన రాజా సార్ బాపతే" అన్నాడు. అంతకన్నా పెద్ద మెప్పు ఆయన దగ్గర లేదు.

మా ఇద్దరికీ పడనిది జాకో పాస్టోరియస్ దగ్గర. నాకు ప్రాణం, అన్నకు పడదు. ఫ్లోరిడా కుర్రాడు, ముందు డ్రమ్ములు వాయించేవాడు. మణికట్టు దెబ్బతింటే బేస్‌కు మారాడు. తన ఫెండర్ జాజ్ బేస్ మెడ మీది లోహపు మెట్లు పీకేసి, ఆ గాడులు పూడ్చి, పైన పడవలకు పూసే ఎపాక్సీ పూశాడు. మెట్లు లేవు కాబట్టి వేలు ఎక్కడ పెడితే అదే స్వరం, వీణకు కాక వయొలిన్‌కు ఉన్న స్వేచ్ఛ. కుడిచెయ్యి బ్రిడ్జి దగ్గరికి జరిపి మీటేవాడు. అక్కడ మీటితే తీగ పై పలుకులు ఎక్కువగా వినిపిస్తాయి కాబట్టి స్వరం ముక్కుతో అన్నట్టు, స్పష్టంగా వస్తుంది. 1976లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్‌లో, తీగను నొక్కకుండా వేలు తాకించి వదిలే హార్మోనిక్స్‌తోనే దాదాపు ఒక పాట మొత్తం కట్టాడు. బేస్ నుంచి గంటల మోత వస్తుంది. 1987లో ఒక క్లబ్బు బయట దెబ్బలు తిని, కోలుకోలేక పోయాడు. 35 ఏళ్లు.

"మస్తుగ కొడ్తడు, కాదంటలేను. కని ఊకే మాట్లాడ్తనే ఉంటడు. పాడెటోడు ఎప్పుడు పాడాలె?" అని అన్న వాదన. జాకో దగ్గర స్వరం చావదు, సాగుతుంది, వణుకుతుంది, ఏడుస్తుంది. వదిలే చోటు చూడమని నేర్పిన మనిషికి అది నచ్చకపోవడం న్యాయమే. నేను మాత్రం ఒప్పుకోను. జాకో వదలకపోవడం కూడా ఆలోచించి చేసిందే.

90ల మధ్యకొచ్చేసరికి మా ఊరి ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటారు అక్కర్లేకుండా పోయింది. 1992లో రోజా వచ్చాక పాటల సౌండే మారింది. రెహ్మాన్ దగ్గర కీత్ పీటర్స్ లాంటి గొప్ప బేస్ గిటారిస్టు ఉన్నాడు, కానీ స్టేజీ మీద ఆ సౌండు కావాలంటే కీబోర్డు చాలనుకున్నారు. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో బేస్. జీపులో ఒక మనిషి తగ్గాడు, ఖర్చు తగ్గింది. తర్వాత కీబోర్డు కూడా పోయి ట్రాకు మీద పాడటం వచ్చింది. అన్న ఒక మందుల షాపులో పనికి కుదిరాడు. ఆదివారాలు మాత్రం చర్చి వదల్లేదు. కీబోర్డు మీది ఆ ఎడమచేతి బేస్‌లో నాకు వినిపించే లోటు ఒక్కటే. అది వేలు తీస్తే ఠక్కున ఆగిపోతుంది. తీగ ఆగేటప్పుడు చర్మం తగిలిన చిన్న చప్పుడు దానికి లేదు.

ఈ మధ్య ఫోన్‌లో మా పని పాటలు పంపుకోవడం. ఇప్పుడు పాత పాటల్లోంచి బేస్ ఒక్కటే విడదీసి వినే వీలొచ్చింది. జేమర్సన్‌ది ఒకటి పంపితే అరగంటలో ఫోన్ చేసి, "అరేయ్, గీయన స్పాంజి పెట్టిండు" అన్నాడు. నేను అంతకు ముందు ఆ సంగతి చెప్పలేదు. మొన్న మోహినీ దే వీడియో పంపాను. 1996లో పుట్టిన పిల్ల, తండ్రీ బేస్ వాయించేవాడే, రెహ్మాన్ దగ్గరా వాయించింది. నోటితో కొన్నక్కోల్ జతులు చెబుతూ అదే వేగంతో తీగల మీద పలికిస్తుంది. జాకోను కాదన్న మనిషి కదా, ఈ వేగాన్ని కూడా కాదంటాడనుకున్నాను.

"ఆ పిల్ల ఎంత జోరుగ కొట్టినా ఒక్కొక్కటి ఏరుకునేటట్టు ఆపుతుంది సూడు. జల్ది ఆపుడు ఇంకా కష్టం" అన్నాడు. చర్చిలో ఇద్దరు పిల్లలకు నేర్పిస్తున్నాడట, ఇద్దరికీ ఆ వీడియో చూపించాడట. "ఈసారి పాలమూరుకొచ్చేటప్పుడు నునుపు తీగల సెట్టు ఒకటి తీస్కరా తమ్మీ. గరుకుయి వద్దు. పైసలు నేనే ఇస్త, నువ్వు ఇయ్యొద్దు."